ఉచ్చీరప్ప చెవి

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఆర్టీసీ బస్సులో కండక్టరుగా తిరిగినవాణ్ణి నేను. అద్దాలు గడగడలాడే బస్సులో, మేకపిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న జనం మధ్య, నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నవాణ్ణి. చప్పుడుకు బెదిరే జాతి కాదు మాది. అలాంటి నన్ను కూడా రిటైరయ్యాక మధ్యాహ్నం కునుకు తీయనివ్వని మహానుభావుడు మా ఎదురింటి ఉచ్చీరప్ప.

అతను చేసే పని చెబితే బయటి ఊరివాళ్లు నమ్మరు. కారు కొంటే దాని కింద కంపెనీవాళ్లు ఒక సైలెన్సరు బిగించి ఇస్తారు. ఇంజను గోల బయటికి రాకూడదని ఎంతోమంది ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకుని తయారుచేసిన వస్తువు అది. మా చుట్టుపక్కల కుర్రకారు ఆ కారును మా వీధికి తోలుకొచ్చి, ఆ సైలెన్సరు పీకించి, దాని చోట ఉచ్చీరప్ప ఇంట్లో వంచి అతికిన గొట్టం పెట్టించుకుంటారు. డబ్బు పోసి నిశ్శబ్దం కొనడం, మళ్లీ డబ్బు పోసి దాన్ని వదిలించుకోవడం. వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పోలీసులు అప్పుడప్పుడూ అలాంటి గొట్టాలు పీకించి రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. మర్నాడు అవే బళ్లు కొత్త గొట్టం కోసం మా వీధిలో వరస కడతాయి. ఆ రోలరు చేసిపెట్టినంత వ్యాపారం ఉచ్చీరప్పకు సొంత బావమరిది కూడా చేసిపెట్టలేదు.

అసలు అది నేతగాళ్ల ఇల్లు. తండ్రి గోవిందు బతికుండగా ముందు సాలలో ఒకటి, లోపలి గదిలో ఒకటి, రెండు గుంట మగ్గాలు ఆడేవి. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తారు వాటి మీద. గోవిందు పోయాక, ఆదోనిలో వెల్డింగు నేర్చుకొచ్చిన కొడుకు ముందు సాలలోని మగ్గాన్ని విప్పేశాడు. వీధివైపు గోడ కూలగొట్టాడు. తండ్రి కాళ్లు పెట్టుకున్న గుంటను నిలువెత్తు లోతుకు తవ్వాడు. ఇప్పుడు కారు దాని మీదికి వచ్చి ఆగుతుంది, ఇతను కింద దిగి పని చేస్తాడు. నేసిన బట్ట చుట్టుకోవడానికి మగ్గానికి ఒక గుండ్రటి దుంగ ఉంటుంది చూడండి, దాన్ని కూడా వదల్లేదు. స్టీలు గొట్టంలో ఎండిన ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు దిగగొట్టి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి ఆ దుంగకు ఆనించి వంచుతాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుందట. వీధిలో పెద్దలు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. తరువాత వాళ్ల మనవళ్లే వచ్చి గొట్టాలు పెట్టించుకున్నారు కాబట్టి వేలు తీసేశారు.

లోపలి మగ్గాన్ని మాత్రం అతని భార్య మహాదేవి తాకనివ్వలేదు. "ఆ గుంటలో నువ్వు దిగినావు సాలు. ఈ గుంటలో నా కాళ్లుండాయి" అందట. ఆమె చీరలు నేస్తూనే ఉంది.

మొదటి గొట్టం సంగతి చెప్పాలి. ఈ గొట్టాలకు మధ్యలో ఒక డబ్బా ఉంటుంది. అందులో చిల్లుల గొట్టం, దాని చుట్టూ చప్పుడును కాస్త మింగడానికి గాజు దూది లాంటిది కూరుతారు. గాజు దూది ఎక్కడ దొరుకుతుందో ఉచ్చీరప్పకు అప్పటికి తెలియదు. ఇంట్లో నేతలో మిగిలిన నూలు పీసు మూటలకొద్దీ పడి ఉంది కదా, అది కూరాడు. ఆ కారు ఆదోని దారి పట్టింది. వెనకాల బస్సులో నేనున్నాను. ముందు పోతున్న కారు తోకలోంచి మొదట పొగ, తరువాత మంట. బస్సు ఆపించి, ప్రయాణికుల నీళ్ల సీసాలన్నీ పోయించి ఆర్పాను. కాలిన నూలు వాసన ముక్కుకు తగలగానే అది ఎవరి పనితనమో తెలిసిపోయింది. నిప్పు కక్కే గొట్టంలో నూలు కూరే తెలివి నేతగాడికి తప్ప ఇంకెవరికి వస్తుంది? కారు యజమాని మర్నాడు ఉచ్చీరప్ప ఇంటికి పోతే, తన్నడానికే పోయాడనుకుని నేను కూడా వెనకే పోయాను, చూద్దామని. ఆ పిల్లవాడు చేతులు నలుపుకుంటూ, "అన్నా, మంట వచ్చినప్పుడు బస్సులోని జనమంతా నా కారే సూసినారు. మళ్లీ అట్ల వచ్చేటట్టు సేస్తావా?" అని అడిగాడు. ఆ రోజు నాకు అర్థమైంది, ఈ వ్యాపారం చచ్చినా మూతపడదని.

గిరాకీలు అలాంటివాళ్లే. జొన్నగిరి వైపు నుంచి తిక్కయ్య అని ఒకడు వచ్చాడు. తొలకరి వానకు చేలో వజ్రపు రాయి దొరికింది అతనికి. అమ్మి, ఒక పాత కారు కొన్నాడు. నడపడం రాదు. తోడల్లుడు తోలుకొచ్చాడు. "నువ్వే నడపకపోతే గొట్టం ఏమిటికప్పా?" అని అడిగాను. "ఇంటి ముందర నిలబెట్టి స్టార్టు సేస్తానన్నా. రాయి దొరికింది నాకే అని నమ్మనోళ్లు ఇంకా ఉండారు ఊళ్లో" అన్నాడు. ఆదోని నుంచి పత్తి వ్యాపారి కొడుకు జయరాం వచ్చాడు. తెల్లకారు, నల్లద్దాలు. అతని కోరిక ఇంకా గొప్పది. "నేను ఈడ తాళం తిప్పితే ఆదోనిలో మా నాయనకు తెలియాల" అన్నాడు. వాళ్ల నాయనకు తెలిసిందో లేదో గానీ మా గోడ పెచ్చులకు తెలిసింది.

ఇంతమంది ఎగబడటానికి కారణం ఉచ్చీరప్ప చెవి. ఇది ఎగతాళి కాదు. గోవిందు అరుగు మీద కళ్లు మూసుకుని బీడీ కాలుస్తూ, లోపల ఎవరో నేస్తున్న మగ్గంలో ఒక్క పోగు తెగితే "సూడు, తెగింది" అనేవాడు. అదే చెవి కొడుక్కూ వచ్చింది. కారు కింద గుంటలో ఉండి, "మహాదేవీ, ఎడమపక్క పోగు పోయింది సూడు" అని అరవడం నేను ఎన్నోసార్లు విన్నాను. మహాదేవి ఆపి చూస్తే నిజంగానే తెగి ఉండేది. ఆ చెవిని తెచ్చి గొట్టాలకు పెట్టాడు. కొలిచే మిషను లేదు, ఏమీ లేదు. ఇంజను ఆడుతుంటే కారు తోక దగ్గర నిలబడి, కళ్లు మూసి, పొగ వచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి, తల ఒక పక్కకు వాలుస్తాడు. "ఇంకా రాలేదప్పా" అంటాడు. డబ్బా విప్పి లోపలి దూది కాస్త తీస్తాడు, ఒక రేకు పీకుతాడు. మళ్లీ వింటాడు. "ఆఁ, ఇప్పుడొచ్చింది" అన్నాడంటే వచ్చినట్టే. వచ్చిన గిరాకీ అతని కాళ్లకు దండం పెట్టి పోతాడు.

రోజంతా గుంటలో, తల మీద కారు, చేతిలో గ్రైండరు. ఇనుము కోస్తుంటే ఎదురింట్లో నా పళ్లు జివ్వుమనేవి, దాని పక్కనే చెవి పెట్టిన మనిషి సంగతి ఆలోచించండి. చెవుల్లో దూది పెట్టుకోమని మహాదేవి ఎన్నిసార్లు ఇచ్చిందో. "దూది పెట్టుకుంటే గొట్టం మాట ఎట్ల ఇనపడ్తాదే?" అని విసిరికొట్టేవాడు. చుట్టూ పత్తి పండే సీమ, ఆదోని మార్కెట్లో కొండల్లా పత్తి, ఇంట్లో నూలు. చిటికెడు దూది ఆ చెవుల్లోకి పోలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

ఏళ్లు గడిచేకొద్దీ అతని గొట్టాల చప్పుడు పెరిగింది. పేరు కూడా పెరిగింది. "ఉచ్చీరన్న చెయ్యి తిరిగిందబ్బా, మునుపటి కంటే ఇప్పుడు గర్జిస్తాండాయి" అనుకునేవాళ్లు కుర్రాళ్లు. చెయ్యి తిరగడం కాదు అది. అతనికి "వచ్చింది" అని వినపడాలంటే ఇంకో రేకు, ఇంకో పిడికెడు దూది తీయాల్సి వస్తోంది. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇంజను పక్కన నిలబడి మాట్లాడేవాళ్లు ఎలాగూ అరిచే మాట్లాడతారు కాబట్టి, మాటల్లో కూడా బయటపడలేదు.

మహాదేవికి తట్టింది. ఒకరోజు మా ఇంటికి మజ్జిగ కోసం వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"కండక్టరన్నా, మునుపు నా మగ్గంలో పోగు తెగితే ఈయప్ప ఆడ్నుంచే అరిసేటోడు. ఈ మధ్య అరవడం లేదు."

"పోగులు తెగడం మానేసినాయేమో అమ్మా. మంచిదే కదా!" అన్నాను.

ఆమె నవ్వలేదు. "తెగుతాండాయన్నా. డాక్టరు దగ్గరికి పోదామంటే, నాకేం రోగం అని మీదికొస్తాడు. ఆయప్పకు ఉండేది ఆ చెవి ఒక్కటే. అది పోయిందని తెలిస్తే ఏం కావాల ఆ మనిషి?" అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

నాకు అనుమానం తీరక, మర్నాడు ఒక పని చేశాను. నా పాత విజిలు ఇంకా దాచుకున్నాను. ఉచ్చీరప్ప ఇంజనేదీ ఆడించకుండా, అరుగు మీద అటు తిరిగి కూర్చుని గొట్టానికి కొలత వేస్తున్నాడు. వెనకాల నిలబడి విజిలు ఊదాను, బస్సు ఆగిపోయేంత గట్టిగా. వీధి చివర కుక్క లేచింది. ఇతను కదల్లేదు. మళ్లీ ఊదాను. నా నీడ పడిందో ఏమో, అప్పుడు తిరిగి, నా పళ్ల మధ్య విజిలు చూసి, "ఏం నములుతాండావన్నా?" అని అడిగాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట అనే సామెత నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది నిజంగా జరుగుతుందని అనుకోలేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర చెబితే అందరూ పడీపడీ నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది అతని గొట్టాలు పెట్టించుకున్నవాళ్లే. ఒక్కడూ పోయి అతనితో చెప్పలేదు. ఎందుకు చెబుతారు? చెవి బాగుపడితే గొట్టం గర్జన తగ్గిపోదూ?

అలా నడిచిపోతున్న రోజుల్లో జయరాం మళ్లీ వచ్చాడు, ఆదోనిలో వాళ్ల నాయనకు తెలియాలన్న ఆ తెల్లకారు జయరామే. కారును మా వీధి మొదట్లోనే ఆపి నడుచుకుంటూ వచ్చాడు. అతనికి ఆడపిల్ల పుట్టింది. కారు ఇంటి సందులోకి తిరిగితే చాలు, ఉయ్యాల్లో పిల్ల ఉలిక్కిపడి, ఊపిరి పట్టి, నీలంగా మారిపోతోందట. అత్తగారు కారును ఊరి బయట పెట్టి రమ్మంటోందట.

"అన్నా, మెత్తగా సెయ్యాల. పిల్లి నడిసినట్లుండాల" అన్నాడు.

"కంపెనీ సైలెన్సరే మళ్లీ పెట్టుకోరాదా అప్పా?" అన్నాను నేను, అడక్కపోయినా.

అది ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. పైగా నా మాటకు ఉచ్చీరప్పకు పౌరుషం వచ్చింది. "కంపెనీవోడు సేసింది నేను సెయ్యలేనా? అరిపించినోనికి నోరు మూయించడం రాదా? మెత్తగా రాకపోతే ఈ గుంట పూడ్సేస్తా. మా నాయన మీద ఒట్టు" అన్నాడు.

అంతవరకు ఎవడూ అతన్ని మెత్తని గొట్టం అడగలేదు. లోపల అడ్డరేకులు పెట్టాడు, దూది దట్టించాడు. స్టార్టు చేయించి, కళ్లు మూసి, అరచెయ్యి పెట్టి విన్నాడు. "పిల్లి కాదు, పిల్లి నీడ" అన్నాడు ముఖం వెలిగిపోతూ. ఆ అదురుకు ఎదురుగా నా గుమ్మంలో చెంబు దొర్లింది. ఉచ్చీరన్న చెవి మీద నమ్మకం కొద్దీ జయరాం తన చెవులనే అనుమానించి, కారెక్కి పోయాడు. రెండు రోజులకు తిరిగొచ్చాడు. ఉచ్చీరప్ప మళ్లీ విప్పాడు, మళ్లీ దట్టించాడు, "ఇంత కంటే మెత్తగుంటే ఇంజను సచ్చిందనుకుంటారప్పా" అన్నాడు. మా చెంబు మళ్లీ దొర్లింది.

మూడోసారి వచ్చినప్పుడు జయరాం "అన్నా" అనలేదు. కారును గుంట మీదికి తెచ్చి, స్టార్టు చేసి పెట్టి దిగాడు. "ఇను. ఇది మెత్తగుండాదా? నా బిడ్డ నిన్నట్నుంచి ఊపిరాడక ఆస్పత్రిలో ఉండాది. ఇను!" అని అరిచాడు.

ఉచ్చీరప్ప కళ్లు మూశాడు. అరచెయ్యి పెట్టాడు. తల వాల్చాడు. "బాగుండాది కదప్పా" అన్నాడు.

జయరాం కారులోకి వంగి ఇంజను ఆపేశాడు. మళ్లీ అతని ముఖానికి ముఖం పెట్టి, "సెవుడా నీకు?" అన్నాడు.

అప్పటికి నేను, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు అక్కడికి చేరాం. కొట్టుకుంటారేమోనని కొంత, కొట్టుకుంటే చూద్దామని కొంత. ఇంజను ఆగాక లోపలి గదిలో మహాదేవి మగ్గం స్పష్టంగా వినపడుతోంది. తలుపు బార్లా తెరిచే ఉంది. తాడు లాగినప్పుడల్లా, పేకదారం మోసుకుపోయే నాడె అటు ఠకామని, ఇటు ఠకామని కొట్టుకుంటోంది. వీధి మొదట్లోకి కూడా వినపడే చప్పుడు అది.

ఉచ్చీరప్ప ముఖం ఎర్రబడింది. ఆ గదికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నాకా సెవుడు? గోవిందు కొడుకునప్పా నేను. ఇంతమంది ముందర ఇప్పుడే సూపిస్తా. మహాదేవీ! ఊరికే ఏమిటికి కూర్సున్యావు, మగ్గం ఆడించు. పోగు తెగితే ఈడ్నుంచే సెప్తా. ఆడించవే!"

మగ్గం ఆడుతూనే ఉంది.

జయరాం అతని భుజం మీదుగా మగ్గం వైపు చూశాడు. మేమంతా అటే చూశాం. మా ముఖాలు చూసి ఏమనుకున్నాడో, "ఏందప్పా అట్ల సూస్తాండారు?" అంటూ ఉచ్చీరప్ప వెనక్కి తిరిగాడు.

నాడె అటూ ఇటూ పోతోంది. మహాదేవి చెయ్యి తాడు లాగుతోంది. కన్నీళ్లు బుగ్గల మీదికి దిగుతున్నా ఆపలేదు ఆమె. అతను ఆ నాడెనే చూస్తూ నిలబడ్డాడు. తరువాత మెల్లగా గడప దాటి లోపలికి పోయాడు.

"ఎప్పుట్నుంచి నేస్తాండావే?" అని అడిగాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియలేదు.

మహాదేవి తలెత్తి, పెదవులు అతనికి కనపడేటట్టు, "పొద్దుట్నుంచి" అంది.

ఉచ్చీరప్ప మగ్గం గుంజకు అరచెయ్యి ఆనించాడు. గొట్టానికి పెట్టినట్టే పెట్టాడు, తల కూడా అలాగే ఒక పక్కకు వాల్చాడు. "ఆపాకు" అన్నాడు. ఆమె మళ్లీ తాడు లాగింది.

జయరాం తల దించుకుని కారు దగ్గరికి పోయాడు. తలుపు తీసి, తాళం చెవి మీద చెయ్యి వేసి, నా వైపు చూశాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. అతను తాళం వదిలేసి, స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని బయటి నుంచి తోయడం మొదలుపెట్టాడు. నేను వెనక చేరి, ఆ గొట్టం పక్కనే చేతులు పెట్టి తోశాను. ఆదోని దాకా వినపడాలని చేయించుకున్న కారును అడుగు చప్పుడు కూడా కాకుండా వీధి మలుపు దాకా తోసుకుంటూ పోయాం. స్టార్టు చేసినా ఉచ్చీరప్పకు వినపడదని ఇద్దరికీ తెలుసు. అయినా తోశాం.